స్క్రీన్ మీద ఒక్క చుక్క.. మానిటర్ మార్చి ఇస్తారా? కంపెనీల లెక్క ఇదీ

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ కార్డులు కంపోజ్ చేసే మా ఖాలా కొడుకు, పెళ్లిళ్ల సీజన్‌కి ముందు కొత్త మానిటర్ కొన్నాడు. 24 అంగుళాలది, పన్నెండు వేల చిల్లర. నాలుగో రోజు నాకు ఫోన్ చేశాడు. "భాయ్, స్క్రీన్ మధ్యలో ఒక చుక్క ఉంది. నుక్తా అనుకుని రెండుసార్లు డిలీట్ కొట్టాను. పేజీ జరుగుతోంది గానీ చుక్క జరగట్లేదు" అన్నాడు.

వినడానికి నవ్వొస్తుంది గానీ, ఉర్దూ రాసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. 'ఖుదా'కీ 'జుదా'కీ తేడా చుక్క పైన ఉందా, కింద ఉందా అన్నదే. పెళ్లికొడుకు పేరులో ఒక నుక్తా తప్పు పడితే కార్డులన్నీ మళ్లీ వేయాలి. ఆ ఖర్చు కస్టమర్ ఇవ్వడు, కంపోజ్ చేసినవాడే పెట్టుకోవాలి.

షాపుకి తీసుకెళ్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పొమ్మన్నారు. సర్వీస్ సెంటర్‌లో చూసి, "చుక్క ఉన్న మాట నిజమే. కానీ నల్లవి రెండే ఉన్నాయి. మా పాలసీ ప్రకారం ఇది డిఫెక్ట్ కాదు" అని చెప్పి పంపేశారు. మూడేళ్ల వారంటీ ఉంది, బిల్లు ఉంది, లోపం కళ్లకు కనబడుతోంది. అయినా మార్చలేదు. ఎందుకు?

అసలు చుక్క ఎలా వస్తుంది?

మానిటర్ తెర అంటే లక్షల చిన్న చిన్న గడుల గుంపు. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1,920, నిలువుగా 1,080, మొత్తం 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌లో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలు. వీటిని సబ్‌పిక్సెళ్లు అంటారు. అంటే 62 లక్షలకు పైగా సబ్‌పిక్సెళ్లు, ఒక్కోదానికి ఒక సన్నటి ట్రాన్సిస్టర్. 4కే మానిటర్‌లో ఈ లెక్క 2 కోట్ల 48 లక్షలు దాటుతుంది.

ఫ్యాక్టరీలో గాజు మీద ఈ ట్రాన్సిస్టర్లు వేసేటప్పుడు కంటికి కనబడనంత దుమ్ము కణం పడినా చాలు, ఒక గడి పాడవుతుంది. పాడైన గడి మూడు రకాలుగా కనబడుతుంది. ఎప్పుడూ నల్లగా ఉంటే డెడ్ పిక్సెల్. ఎప్పుడూ తెల్లగా వెలుగుతూ ఉంటే బ్రైట్ లేదా హాట్ పిక్సెల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఏదో ఒక రంగు దగ్గర ఆగిపోతే స్టక్ పిక్సెల్. స్టక్ అయినది రంగులు వేగంగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోసారి బాగవుతుంది. డెడ్ అయినది ఇలా బాగుపడదు.

ఒక్క చుక్క ఉన్న ప్రతి ప్యానెల్‌నీ పారేస్తే మిగతా వాటి ధర పెంచాలి అనేది తయారీదారుల వాదన. అందుకే 'ఇన్ని చుక్కల దాకా సరే' అని ఒక లెక్క పెట్టుకున్నారు.

ఆ లెక్క ఎక్కడిది?

2001లో ఐఎస్‌ఓ 13406-2 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అది ప్యానెళ్లను నాలుగు తరగతులుగా విడగొట్టింది. మొదటి తరగతిలో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. మానిటర్ల విషయంలో ఎక్కువగా వినబడేది రెండో తరగతి. ఇందులో ప్రతి 10 లక్షల పిక్సెళ్లకి తెల్లగా వెలిగేవి 2, నల్లవి 2, పాడైన సబ్‌పిక్సెళ్లు 5 దాకా ఉండొచ్చు. 2008లో దీని స్థానంలో ఐఎస్‌ఓ 9241 కొత్త భాగాలు వచ్చాయి.

ఇప్పుడు మన మానిటర్‌కి లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు. అంటే రెండో తరగతి ప్రకారం 4 తెల్లవి, 4 నల్లవి, 10 సబ్‌పిక్సెళ్లు పాడైనా అది 'మంచి' మానిటరే. 4కే అయితే తెల్లవి 16, నల్లవి 16 దాకా వెళ్తుంది. ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ పిక్సెళ్లు కొంటే, ఓర్చుకోవాల్సిన చుక్కలు కూడా ఎక్కువే అన్నమాట.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ ప్రమాణం చట్టం కాదు. దీన్ని చూసి కంపెనీలు సొంత పాలసీలు రాసుకుంటాయి. కొన్ని ఇంతకంటే గట్టిగా ఉంటాయి. ఉదాహరణకి డెల్ తన అల్ట్రాషార్ప్ లాంటి మానిటర్లకి ప్రీమియం ప్యానెల్ పేరుతో, వారంటీ కాలంలో ఒక్క బ్రైట్ పిక్సెల్ కనబడినా మార్చి ఇస్తామని చెబుతుంది. వేరే కంపెనీలు కూడా కొన్ని ఖరీదైన మోడళ్లకి 'జీరో బ్రైట్ డాట్' మాట ఇస్తుంటాయి. కానీ ఇక్కడ 'బ్రైట్' అన్న పదం చూడండి. నల్ల చుక్కలకి ఈ హామీ వర్తించదు, వాటికి వేరే లెక్క ఉంటుంది. మా వాడు ఇరుక్కున్నది సరిగ్గా ఇక్కడే. వాడివి రెండూ నల్లవి.

పాలసీలో ఇంకా మూడు విషయాలు చూసుకోవాలి. చుక్కలు పక్కపక్కన ఉంటే కొన్ని కంపెనీలు తక్కువ సంఖ్యకే మారుస్తాయి. కొన్ని హామీలు కొన్న తొలి రోజులకే పరిమితం, వారంటీ మొత్తానికి కాదు. మార్చి ఇచ్చేది కూడా కొత్తదే కానక్కర్లేదు, రిపేరు చేసిన పీస్ కూడా కావొచ్చు.

చట్టం ఏమంటుంది?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10)లో 'డిఫెక్ట్' అంటే ఏమిటో ఉంది. చట్టం గానీ, ఒప్పందం గానీ కోరే నాణ్యతలో లోపం ఉంటే డిఫెక్ట్. అమ్మేవాడు చెప్పుకున్న నాణ్యత లేకపోయినా డిఫెక్టే. కాబట్టి డబ్బా మీద గానీ ప్రకటనలో గానీ 'జీరో బ్రైట్ డాట్' అని ఉంటే, ఒక్క బ్రైట్ చుక్క కూడా డిఫెక్ట్ అని మీరు నిలదీయొచ్చు.

అలాంటి హామీ లేని మోడల్‌లో, కంపెనీ లెక్కకి లోపలే ఉన్న చుక్క డిఫెక్టా కాదా అన్నది వాదించాల్సిన విషయం. ఆ పాలసీ కొనేముందు మీకు చూపించారా అన్నది మీ మొదటి ప్రశ్న కావాలి. తుది మాట సర్వీస్ సెంటర్‌ది కాదు, వినియోగదారుల కమిషన్‌ది.

బిల్లు కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ముద్ర ఉన్నంత మాత్రాన లోపం ఉన్న వస్తువుకి అది అడ్డు కాదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బులు ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి అని ఇదే చట్టం చెబుతోంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి 2020 ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు.

కొనేటప్పుడు ఇవి చేయండి

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, డబ్బులిచ్చే ముందు ఆ మోడల్ పిక్సెల్ పాలసీ కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. దాన్ని సేవ్ చేసుకోండి, తర్వాత పేజీ మారిపోవచ్చు.

షాపులోనే డబ్బా తెరిపించి ఆన్ చేయించండి. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కోటి తెర నిండా పెట్టి చూడండి. నల్ల చుక్కలు తెల్ల తెర మీద, వెలిగే చుక్కలు నల్ల తెర మీద దొరుకుతాయి. ముందు పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, దుమ్ము కూడా కావొచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా విప్పడం దగ్గర నుంచి వీడియో తీయండి, రిటర్న్ గడువు దాటకముందే ఈ పరీక్ష చేయండి.

ఆధారం కోసం స్క్రీన్‌షాట్ పనికిరాదు. ప్యానెల్ లోపం అందులో పడదు. ఫోన్ కెమెరాతో ఫొటో తీయండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. యూట్యూబ్‌లో చూసి చుక్క మీద వేలితో నొక్కకండి. ప్యానెల్ దెబ్బతింటే వారంటీ కూడా పోతుంది.

మా వాడి సంగతి అంటారా? తొమ్మిదో రోజు 1915లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ తీసుకుని షాపుకి వెళ్లాడు. కంపెనీ మార్చకపోయినా షాపాయనే దిగొచ్చి, ఎనిమిది వందలు అదనంగా తీసుకుని వేరే మోడల్ ఇచ్చాడు. బీకామ్ చదివినవాడిగా లెక్క చూస్తే మావాడికి ఎనిమిది వందలు నష్టమే. కానీ సీజన్ పోలేదు. ఈసారి మాత్రం కౌంటర్ మీదే డబ్బా తెరిపించి, ఐదు రంగులూ పెట్టి చూశాకే డబ్బులిచ్చాడు.

మొదటిసారే ఆ ఐదు నిమిషాలు ఆగి ఉంటే ఆ ఎనిమిది వందలు జేబులోనే ఉండేవి.