మత్తులో ఉంటే నొప్పి తెలియదా?

మా శృంగవరపుకోటలో ఎవరికైనా సీరియస్ అయితే అంబులెన్స్ విశాఖపట్నం వైపే పరిగెడుతుంది. అక్కడ ఐసీయూలో వెంటిలేటర్ పెట్టాక, బయట కూర్చున్న బంధువులు తరచూ అనే మాట: "మత్తిచ్చేశారు కదా, ఇంకేటి తెలుస్తాది?"

తెలుస్తుంది. ప్రొపొఫాల్, మిడజోలామ్ లాంటివి నిద్రపుచ్చుతాయి గానీ నొప్పిని తగ్గించవు. దానికి ఫెంటానిల్, మార్ఫిన్ లాంటివి వేరేగా ఇవ్వాలి. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే స్క్రీన్ ఆఫ్ చేశాం, లోపల ప్రాసెస్ నడుస్తూనే ఉంది. గొంతులో ట్యూబు, అందులోంచి కఫం లాగడం, మంచం మీద పక్కకి తిప్పడం, అన్నీ బాధే. అరుద్దామన్నా ట్యూబు వల్ల గొంతు పెగలదు. అందుకే ఇప్పుడు ముందు నొప్పికి మందు, అది చాలకపోతే మత్తు అంటున్నారు.

మాట రాని మనిషి నొప్పిని కొలవడానికి సీపాట్ అని ఒక స్కేలుంది. ముఖం చిట్లించడం, ఒంటి కదలికలు, కండరాల బిగుతు, వెంటిలేటర్‌తో కుదురుగా ఊపిరి తీసుకుంటున్నారా లేదా చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు వేస్తారు. మొత్తం 8కి 3 వచ్చినా నొప్పి ఉందని అనుమానించాల్సిందే. మత్తుకి రాస్ అనే ఇంకో స్కేలు. +4 అంటే తిరగబడుతున్నట్టు, 0 అంటే మెలకువగా ప్రశాంతంగా, -5 అంటే ఉలుకూ పలుకూ లేనట్టు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్ళకి లోతు మత్తు అవసరం పడొచ్చు. మిగతా చాలామందికి -2 నుంచి +1 మధ్య తేలిక మత్తు మేలని 2018 అంతర్జాతీయ గైడ్‌లైన్స్.

మా పెదనాన్నకి పొద్దున్నే మత్తు ఆపినప్పుడు పెద్దమ్మ కంగారుపడింది: "పడుకున్న మనిషిని ఎందుకు లేపుతున్నారు సిస్టర్?" 2000లో చికాగో డాక్టర్లు 128 మంది మీద చేసిన ట్రయల్‌లో దీనికి జవాబుంది. రోజూ మత్తు ఆపి చూసినవాళ్ళు మీడియన్ లెక్కన 4.9 రోజులు వెంటిలేటర్ మీద ఉంటే, మిగతావాళ్ళు 7.3 రోజులు ఉన్నారు. మత్తు ఎక్కువైతే లేచాక లేనివి కనబడటం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం లాంటి అయోమయం కూడా రావొచ్చు.

రాస్ చూడాలంటే పేరు పెట్టి పిలవాలి. ఆధార్‌లో ఉన్న పేరుకి మా పెదనాన్న మామూలప్పుడే పలకరు! అందుకే ఇంట్లో ఏమని పిలుస్తారో నర్సుకి చెప్పండి. కళ్ళజోడు, వినికిడి మిషను తెచ్చివ్వండి. ముందునుంచే నడుంనొప్పో మోకాలినొప్పో ఉంటే అదీ చెప్పండి, ఆ మనిషి ఇప్పుడు చెప్పలేరు కదా. "నొప్పి స్కోరు ఎంతొచ్చింది సిస్టర్?" అని రోజూ అడగొచ్చు.