సింగిల్ యాక్షన్ రివాల్వరు - మార్పులు, చేర్పులు

సింగిల్ యాక్షన్ రివాల్వరు అనగా ప్రతి తూటాను పేల్చుటకు ముందు సుత్తిని బొటనవేలితో వెనుకకు లాగవలసిన చేతి తుపాకి. ఇందులో ట్రిగ్గరు చేయు పని ఒక్కటే, లాగి ఉంచిన సుత్తిని విడిచిపెట్టుట. అందుచేతనే ఈ పేరు వచ్చినది. సుత్తిని లాగుట, విడుచుట రెండునూ ట్రిగ్గరే చేయు రకమును డబుల్ యాక్షన్ అందురు. సింగిల్ యాక్షన్ రివాల్వరు పిడిని, స్ప్రింగులను, గురిచూపును, పైమెరుగును తమ చేతికి, అభిరుచికి తగినట్లు మార్పించుకొనుట అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలాకాలముగా ఉన్న వ్యాపకము. భారతదేశములో ఇదే పనిని అనుమతి లేకుండ చేసినచో కారాగార శిక్షకు దారితీయవచ్చును. హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల నుండి అమెరికాకు వెళ్ళి వచ్చు ఉద్యోగులు అనేకులు కావున, రెండు దేశాల మధ్య గల ఈ తేడా తెలిసి ఉండుట మంచిది.

చరిత్ర

తిరుగుడు సిలిండరు గల తుపాకికి శామ్యూల్ కోల్ట్ అమెరికాలో 1836లో పేటెంటు పొందెను. ఆయన మరణానంతరము కోల్ట్ సంస్థ 1873లో తయారు చేసిన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' ఈ రకానికి ఆదర్శ నమూనాగా నిలిచినది. ఆరు గదుల సిలిండరు, 0.45 అంగుళాల తూటా, నాగలి మేడిని పోలిన వంపు పిడి దీని లక్షణాలు. అమెరికా సైన్యము దీనిని స్వీకరించినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో ఆగిపోయిన తయారీని ఆ సంస్థ 1956లో తిరిగి ప్రారంభించినది. కౌబాయ్ సినిమాలు, టెలివిజన్ కథలు ఈ పాత తుపాకికి మళ్ళీ గిరాకీ తెచ్చినవి. రూగర్ సంస్థ 1953లో 'సింగిల్ సిక్స్', 1955లో 'బ్లాక్‌హాక్' నమూనాలను ప్రవేశపెట్టినది. పాశ్చాత్య వేషధారణతో పాత నమూనా తుపాకులు పేల్చు పోటీలను నిర్వహించుటకు 1987లో 'సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ' ఏర్పడినది.

పనిచేయు విధానము, ఒక ప్రమాదము

పాత కోల్ట్ సుత్తిని మెల్లగా లాగినచో నాలుగు చప్పుళ్ళు వినిపించును. మొదటిది సుత్తిని కొద్దిపాటి ఎత్తులో ఆపు గాడి, రెండవది తూటాలు నింపుకొనుటకు ఉద్దేశించిన సగము గాడి, మూడవది సిలిండరును కదలకుండ పట్టు బిగింపు, నాలుగవది పేల్చుటకు సిద్ధమైన స్థితి. కోల్ట్ అను పేరులోని నాలుగు ఆంగ్ల అక్షరాలే ఆ నాలుగు చప్పుళ్ళని అభిమానులు చమత్కరించుట కద్దు.

వీటిలో మొదటి గాడిని నమ్ముట ప్రమాదకరము. తూటా ఉన్న గదిపై సుత్తి వాలి ఉండగా తుపాకి నేల మీద పడినచో ఆ సన్నని గాడి విరిగి తూటా పేలవచ్చును. అందువలన ఆరు గదులున్నను ఐదింటినే నింపి, ఖాళీ గదిపై సుత్తిని వాల్చి ఉంచుట ఆచారమైనది. ఈ లోపమును తొలగించుటకు రూగర్ సంస్థ 1973లో 'ట్రాన్స్‌ఫర్ బార్' అను చిన్న లోహపు పలకను ప్రవేశపెట్టినది. ట్రిగ్గరును లాగినప్పుడు మాత్రమే ఆ పలక సుత్తికి, పేల్చు సూదికి మధ్యకు వచ్చి దెబ్బను అందించును. అంతకు ముందటి రివాల్వర్లకు కూడ దీనిని ఉచితముగా అమర్చు ఏర్పాటును ఆ సంస్థ 1982లో ఆరంభించినది. అయినను పాత వస్తువు యథాతథముగా ఉండవలెనని పట్టుబట్టు సేకర్తలు దానికి ఒప్పుకొనరు. కొందరికి ప్రాణరక్షణ కంటె పాతదనపు విలువ ఎక్కువగా తోచుట విచిత్రమే. అట్టివారి కొరకు తీసివేసిన భాగాలను కూడ సంస్థ తిరిగి పంపును.

చేయించుకొను మార్పులు

అన్నిటికంటె సాధారణమైనది లోపలి భాగాలను నునుపు చేయించి, ట్రిగ్గరును తేలిక చేయించుట. దీనికి హద్దు ఉన్నది. స్ప్రింగును మరీ బలహీనపరచినచో సుత్తి దెబ్బ చాలక తూటా పేలదు. గాళ్ళను అతిగా అరగదీసినచో సుత్తి నిలువక దానంతట అది జారును. కావుననే అనుభవజ్ఞులు ఈ పనిని శిక్షణ పొందిన తుపాకి పనివానికే అప్పగింతురు.

రెండవది పిడి. కోల్ట్ వంపు పిడి పేలినప్పుడు అరచేతిలో పైకి దొర్లును. బలమైన తూటాలకు అది అనుకూలము కాదని భావించు వారికి 'బిస్లీ' పిడి ఇష్టము. ఇంగ్లండులోని బిస్లీ షూటింగు మైదానము పేరిట కోల్ట్ సంస్థ 1894లో తెచ్చిన నమూనా అది. రచయిత ఎల్మర్ కీత్ ఈ రెండు పిడుల లక్షణాలను కలిపి చేయించుకొన్న 'ఐదవ నంబరు' రివాల్వరును 1929లో ఒక పత్రికలో వర్ణించెను. తరువాతి వారికి అది మార్గదర్శకమైనది.

ఇక అలంకరణ. ఎముకల బొగ్గు, కర్ర బొగ్గు నింపిన మూసలో ఉక్కును బాగుగా కాల్చి నీటిలో ముంచగా, పైపొర గట్టిపడి నీలము, గోధుమ, గడ్డి రంగుల చారలు ఏర్పడును. ఏ రెండు ముక్కలపైనను ఒకే చిత్రము రాదు. నగిషీ చెక్కించుట, దంతపు పిడి వేయించుట పూర్వపు సంపన్నుల ముచ్చట. ఏనుగు దంతము వ్యాపారముపై కఠిన ఆంక్షలు వచ్చిన పిమ్మట కర్ర, కొమ్ము, కృత్రిమ పదార్థాలు దాని స్థానమును ఆక్రమించినవి.

అమెరికాలోని తెలుగువారికి వర్తించు నిబంధన

అమెరికాలో అందరికీ తుపాకి కొనుక్కొను స్వేచ్ఛ ఉన్నదని మన ఐటీ ఉద్యోగులలో కొందరు భావింతురు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు తుపాకిని గాని, తూటాలను గాని కలిగి ఉండరాదని అక్కడి సమాఖ్య చట్టము చెప్పుచున్నది. షూటింగు రేంజిలో అద్దెకు తీసుకొన్న తుపాకికి కూడ ఇది వర్తించును. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు గలవారికి, మరికొన్ని ప్రత్యేక సందర్భాలకు మినహాయింపు ఉన్నది. ఉల్లంఘనకు గరిష్ఠ శిక్ష 2022లో పదేళ్ళ నుండి 15 ఏళ్ళకు పెరిగినది. గ్రీన్ కార్డు పొందినవారికి ఈ నిషేధము వర్తించదు.

భారతదేశ చట్టము

ఇక్కడ వర్తించునవి 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి ఆయుధ నిబంధనలు. తుపాకిని కలిగి ఉండుటకు ఒక లైసెన్సు కావలెను. దానిని తయారు చేయుటకు, ఒక రకము నుండి మరొక రకమునకు మార్చుటకు, కడకు మరమ్మతు చేయుటకు సైతము వేరే లైసెన్సు కావలెనని చట్టములోని 5వ సెక్షను చెప్పుచున్నది. గొట్టమును పొట్టిగా కోయుట, బొమ్మ తుపాకిని నిజమైన తుపాకిగా మార్చుట 6వ సెక్షను క్రిందికి వచ్చును. 2019 సవరణ ప్రకారము ఈ నేరాలకు కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠము యావజ్జీవము. అదే సవరణతో ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. తుపాకిపై గల గుర్తింపు సంఖ్యను చెరుపుట కూడ నేరమే. నగిషీ పని వంకతో దానిని అరగదీయుట కుదరదు.

లైసెన్సుదారులకు సాధారణముగా లభించు రివాల్వరు కాన్పూరు కర్మాగారపు 0.32 అంగుళాలది. అది డబుల్ యాక్షన్ రకము. అందుచేత కోల్ట్ తరహా తుపాకిని ఇక్కడ చూచుటయే అరుదు.

గచ్చిబౌలిలో పిడి పని

2003లో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో షూటింగు కూడ ఒక అంశము. గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో షూటింగు రేంజి ఉన్నది. లండన్ ఒలింపిక్సులో (2012) కాంస్యము సాధించిన గగన్ నారంగ్ హైదరాబాదులో పెరిగినవాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకాలు పొందిన పిస్టలు క్రీడాకారిణి ఈషా సింగ్ ఈ నగరవాసియే.

పిస్టలు క్రీడలో తుపాకిని చేతికి అమర్చుకొనుట ఆటలో భాగము. వాల్‌నట్ కర్రతో చేసిన పిడిని ఆకురాయితో కొద్దికొద్దిగా తీసి, తక్కువైన చోట కర్ర ముద్దను అద్ది, ప్రతి వేలికి గాడి ఏర్పరచుకొందురు. పిడిలో సందు ఉన్నచో ట్రిగ్గరు నొక్కునప్పుడు గురి ప్రక్కకు తొలగును. 10 మీటర్ల ఎయిర్ పిస్టలు 420 మి.మీ. పొడవు, 200 మి.మీ. ఎత్తు, 50 మి.మీ. వెడల్పు గల పెట్టెలో పట్టవలెను, 1,500 గ్రాములకు మించరాదు, ట్రిగ్గరు బరువు 500 గ్రాములకు తగ్గరాదు. 25 మీటర్ల పిస్టలుకు ట్రిగ్గరు బరువు కనీసము 1,000 గ్రాములు. పిడి మణికట్టును తాకి దానికి ఆసరా ఇచ్చినచో అనుమతింపరు. పోటీకి ముందు పరిశీలకులు పెట్టెను, తూకపు బరువును ఉపయోగించి ప్రతి పిస్టలును పరీక్షింతురు.