సైన్సు గురించి పరిశోధన ఎవరి భాషలో?

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. మే మొదట్లో ఆ రేడియోధార్మిక ధూళి ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న కంబ్రియా కొండల మీద వానతో పాటు కురిసింది. ఆ ధూళిలోని సీజియం గడ్డి మీద పడింది, ఆ గడ్డిని గొర్రెలు మేశాయి. జూన్‌లో ప్రభుత్వం గొర్రెల అమ్మకాలను నిషేధించింది. మూడు వారాల్లో అంతా సర్దుకుంటుందని నిపుణులు ధైర్యం చెప్పారు గానీ, సర్దుకోలేదు. వాళ్లు బంకమట్టి నేలలను దృష్టిలో పెట్టుకుని లెక్క వేశారు. అలాంటి నేల సీజియాన్ని పట్టి ఉంచుతుంది, గడ్డి వేళ్లకు అందనివ్వదు. కంబ్రియా కొండల మీదిది ఆమ్లగుణం ఉన్న నేల కావడంతో సీజియం మళ్లీ మళ్లీ గడ్డిలోకి ఎక్కుతూనే ఉంది. బ్రిటన్‌లో చివరి ఆంక్షలు తొలగేసరికి 2012 వచ్చింది. ఈలోగా, సీజియాన్ని పీల్చుకునే బెంటొనైట్ మట్టిని నేల మీద చల్లి, గొర్రెలను కంచెల మధ్య ఉంచి ఒక పరీక్ష చేశారు. కొండంతా తిరిగి మేసే జీవాలను ఇలా బంధిస్తే చిక్కిపోతాయని రైతులు ముందే చెప్పారు. ఎవరూ చెవిన పెట్టలేదు. కొన్ని నెలలకే ఆ పరీక్షను చడీచప్పుడు లేకుండా ఆపేశారు.

రైతుల ఈ అనుభవం మనకు తెలిసిందంటే, బ్రయాన్ విన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ రైతులతో మాట్లాడి రాసిన వ్యాసమే కారణం. అది 1992లో, అప్పుడే మొదలైన ‘పబ్లిక్ అండర్‌స్టాండింగ్ ఆఫ్ సైన్స్’ పత్రిక తొలి సంపుటిలో వచ్చింది. జనానికి సైన్సు తెలియకపోవడమే సమస్య, తెలియజెబితే నమ్ముతారు అన్నది అప్పటికి బలంగా ఉన్న భావన. రైతులు నిపుణులను శంకించింది అజ్ఞానం వల్ల కాదనీ, తమ నేల గురించి, జీవాల గురించి తమకు తెలిసినదాన్ని నిపుణులు లెక్కచేయకపోవడం వల్లేననీ విన్ చూపించారు. 2000లో బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ కూడా ప్రజలతో సంభాషణ కావాలని చెప్పింది. ఒక పరిశోధన పత్రిక చేయగల మేలు ఇదే: ఒక ఊరి అనుభవాన్ని పరీక్షకు నిలిచే జ్ఞానంగా మార్చి విధానకర్తల ముందు పెట్టడం.

అలాంటి పని మన దగ్గర ఎంత జరగాలో చూడండి. 2010లో బీటీ వంకాయపై కేంద్రం ఏడు నగరాల్లో ప్రజాభిప్రాయం సేకరించింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఆ ఫిబ్రవరిలోనే ఆ పంటను నిలిపివేశారు. 2021 మేలో కోవిడ్‌కు ఇస్తున్న మూలికల మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి వేలాదిగా జనం తరలివెళ్లారు. అది మూఢనమ్మకమేనా, ఆసుపత్రుల ఖర్చుకు, పడకల కొరతకు భయపడా, ఇరుగుపొరుగు మాట మీద నమ్మకమా? జవాబు దొరకాలంటే వెళ్లినవాళ్లతో తెలుగులో మాట్లాడాలి. జన విజ్ఞాన వేదిక 1988 నుంచి పనిచేస్తోంది. అలాంటి సంస్థల అనుభవంలో చాలా భాగం ఇంకా సభల్లో, కరపత్రాల్లోనే ఉంది. ఇటు సైన్సుకూ ప్రజలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించే రంగంలో పేరున్న పత్రికల వ్యాసాల్లో ఎక్కువ భాగం కొద్ది పాశ్చాత్య దేశాల నుంచి, ఇంగ్లిషులో వస్తున్నాయి. ఈ పత్రికల భవిష్యత్తు ఈ ఎడం తగ్గడం మీదే ఆధారపడి ఉందని నా వాదన. కొందరి మనసులనే చదివి, మనుషులంతా ఇంతే అని చెప్పే శాస్త్రం నిలవదు.

ఇటలీలోని ట్రియెస్టే నగరంలో సిస్సా అనే సంస్థ 2002లో మొదలుపెట్టిన ‘జర్నల్ ఆఫ్ సైన్స్ కమ్యూనికేషన్’ ఒక దారి చూపింది. అది చదవడానికీ ఉచితమే, రాయడానికీ ఉచితమే. 2018లో దానికి స్పానిష్, పోర్చుగీసు భాషల్లో లాటిన్ అమెరికా పత్రిక తోడైంది. ఇలాంటి పత్రికను తెలుగులో పెడితే ప్రమాణాలు పడిపోతాయని కొందరు అనవచ్చు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే దొంగ పత్రికలు మన దేశంలో పుట్టగొడుగుల్లా లేచాయి, అవి ఎక్కువగా ఇంగ్లిషువే. ప్రమాణాన్ని కాపాడేది నిజాయితీ గల సమీక్ష. యంత్రానువాదం ఉందిగా అనే మాటలో కొంత నిజముంది. అచ్చయినదాన్ని అది తెలుగులోకి తెస్తుంది, తేవాలి కూడా. ఎవరూ వేయని ప్రశ్నను మాత్రం అనువదించలేదు. డబ్బు మాటకొస్తే, 2024 నవంబరులో కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద సుమారు 13,000 పత్రికల చందాకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. విద్యార్థులకు అది నిజంగా మేలే. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో ఉన్నవారికే. పల్లెలో సైన్సు చెప్పే స్వచ్ఛంద కార్యకర్తకు, విలేకరికి తలుపు మూసే ఉంది. ఆ మొత్తంలో కొద్ది భాగంతో భారతీయ భాషల్లో ఉచిత పత్రికలు నడపవచ్చు.

అసలు చిక్కు ఉద్యోగాల దగ్గర ఉంది. తెలుగులో రాసిన వ్యాసానికి పదోన్నతిలో విలువ లేకపోతే ఏ యువ అధ్యాపకురాలూ రాయదు, రాయమనడం న్యాయమూ కాదు. 2025లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) తాను గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితాను ఎత్తేసి, పత్రికల నాణ్యతను తేల్చే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలింది. హైదరాబాద్, విశాఖ, తిరుపతి విశ్వవిద్యాలయాలు ఇంగ్లిషు సారాంశంతో, బయటి సమీక్షకులతో వచ్చే తెలుగు వ్యాసానికి సమాన విలువ ఇస్తామని ఇప్పుడే నిబంధన రాసుకోవచ్చు.