వాకర్ తలుపు వెనక్కి ఎందుకు పోయింది?

“మా అమ్మ ఓల్డేజ్ హోమ్‌లో ఉంటోంది. మనవడు వస్తున్నాడంటే చాలు, వాకర్‌ని తలుపు వెనక్కి నెట్టేసి గోడ పట్టుకుని నడుస్తుంది. ఇది డిప్రెషనేనా?” అని ఓ పాఠకురాలు రాశారు. అవునో కాదో డాక్టరు చూసి చెప్పాల్సిందే. నా మనసు మాత్రం ఆ వాకర్ దగ్గరే ఆగిపోయింది.

తన మీద తనకు దయ ఉండటాన్ని 2003లో మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ మూడు ముక్కల్లో చెప్పారు: తనని తాను తిట్టిపోసుకోకపోవడం, ఇది అందరికీ జరిగేదేననుకోవడం, బాధని ఉన్నంతే చూడటం. 2012లో అలెన్, గోల్డ్‌వాసర్, లియరీ దీన్ని 67–90 ఏళ్ల వాళ్లు 132 మందిలో కొలిచారు. ఒళ్లు బాగున్నవాళ్లు ఈ దయ ఉన్నా లేకున్నా హాయిగానే ఉన్నారు. ఆరోగ్యం పాడైనవాళ్లలోనే తేడా కనిపించింది. మరో 71 మందిని నడకకీ వినికిడికీ జ్ఞాపకానికీ సాయం తీసుకోవడం గురించి అడిగితే, దయ ఉన్నవాళ్లకి నామోషీ తక్కువ. మరి ఆ సాయం తీసుకుంటారా అంటే మాత్రం జవాబు అటూ ఇటూగా వచ్చింది.

కిటుకంతా నెమరువేతలో ఉంది. బాత్రూమ్‌లో కాలు జారితే మోకాలి నొప్పి నాలుగు రోజులు. “వెధవ బతుకు, అందరికీ భారమయ్యాను” అన్న తిట్టు మాత్రం రాత్రంతా నలుగుతూనే ఉంటుంది. ఇలా నెమరేసేవాళ్లని కుంగుబాటు ఎక్కువకాలం పట్టుకుంటుందని సూజన్ నోలెన్-హోక్సిమా 1991లోనే చెప్పారు. సొంతింట్లో ఆ నెమరుకి అడ్డం వచ్చేవి బోలెడు. పాలు పొంగుతాయి, కూరలబ్బాయి కేకేస్తాడు, పక్కింటావిడ కరివేపాకు కోసం వస్తుంది. హోమ్‌లో మధ్యాహ్నం కంచం తీసేశాక టీ వచ్చేదాకా ఆ అమ్మకి ఒక్క పనీ చెప్పేవాళ్లుండరు. చిత్రమేమిటంటే, “అందరికీ జరిగేదే” అన్న ముక్క అక్కడ కళ్లెదుటే ఉంది. వరండా నిండా వాకర్లే! అయినా పక్క గది ఆవిడని చూసి “నేనింకా అంత కాలేదులే” అనుకుంటారు. ఆ పోలికే వాకర్‌ని తలుపు వెనక్కి నెడుతుంది.

దయకి బదులు ఆత్మగౌరవం పెంచితే చాలదా? అలా పెంచితే అన్నీ చక్కబడతాయని 1986లో కాలిఫోర్నియా ఏకంగా ఒక టాస్క్‌ఫోర్సే వేసింది. 2003లో బౌమైస్టర్ బృందం పరిశోధనలన్నీ తిరగేస్తే, ఆశించిన ఫలాలు చాలావరకు కనిపించలేదు. నెఫ్ వైపు కూడా పేచీ లేకపోలేదు. ఆమె ప్రశ్నావళిలో 26 ప్రశ్నలుంటే, 13 తనని తాను నిందించుకోవడం, ఒంటరినన్న భావన లాంటివాటి గురించే. అవి డిప్రెషన్‌కి దగ్గరి చుట్టాలని పీటర్ మ్యురిస్ వాదన. జ్వరాన్నీ ఒంటి వేడినీ విడివిడిగా కొలిచి, రెండూ కలిసే పెరిగాయని ఆశ్చర్యపోవడం లాంటిదన్నమాట. ఈ విషయంలో నేను మ్యురిస్ పక్షమే.

ఇక ఉపయోగమా? నేను చూసిన ఒక హోమ్‌లో “మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి” అని గోడకి పోస్టరు అంటించి ఊరుకున్నారు. అవును, కాదు అంటే సరిపోయే 15 ప్రశ్నల వృద్ధుల డిప్రెషన్ పట్టిక ఎన్నో ఏళ్లుగా ఉంది, అదైనా అడిగిన పాపాన పోలేదు. పాఠకురాలు ఈసారి వెళ్లినప్పుడు, గోరుచిక్కుడు ఈనెలు తీసే పని అమ్మకి ఇమ్మని వంటావిడని అడిగి చూడొచ్చు. వంటగది వరండాకి ఆ చివరన ఉంటే మరీ మంచిది, అంతదూరం గోడ పట్టుకుని నడవడం కష్టం.