మీకు తెలుసా? శత్రునౌక కనబడ్డ చోట ఉండదు!

ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు రింగురోడ్డులో వెళ్తే కంచన్‌బాగ్ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు తగులుతాయి. 2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’లో మన ఉపగ్రహాన్నే గురిచూసి కూల్చిన క్షిపణి వెనుక హైదరాబాద్ శాస్త్రవేత్తల శ్రమ ఎంతో ఉంది. ఆ ఉపగ్రహం ఎత్తు సుమారు 283 కి.మీ. కాంతికి ఆ దూరం మిల్లీసెకను పని. ఆ కాస్తలోనే, సెకనుకు 7.7 కి.మీ. పరుగెత్తే ఉపగ్రహం 7 మీటర్లు జరిగిపోతుంది! క్షిపణికి ఇన్‌ఫ్రారెడ్ సీకర్ అమర్చారు. లక్ష్యం వేడిని పసిగడుతూ అది దగ్గరయ్యేకొద్దీ ఆ ఆలస్యం కరిగిపోతుంది.

సినిమాల్లో మాత్రం చంద్రుడంత దూరంలోని నౌకనూ మీట నొక్కగానే పేల్చేస్తారు. 3,84,000 కి.మీ. దాటడానికి కాంతికే 1.3 సెకన్లు కావాలి. ఆ ఉపగ్రహం వేగంతోనే పోయే నౌక ఈలోగా 10 కి.మీ. వెళ్లిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య దూరానికి ఇది రెట్టింపు పైనే. మన లేజర్ చేరేసరికి ఇంకో 10! అలాగని నౌక దాక్కోనూలేదు. మైనస్ 270 డిగ్రీల చలిలో వెచ్చని ఇంజను ఎంతో దూరానికి పట్టిస్తుంది. అంతరిక్ష కథలు రాసే మన యువ రచయితలు రానూపోనూ పట్టే ఈ 2.6 సెకన్లను వదులుకోవద్దు. అసలు ఉత్కంఠ అక్కడే ఉంది.