డి.జె. యంత్రాలకు డిజిటల్ పాటల సంగ్రహం: రూపాంతరీకరణలో జానపద గేయం - చెన్నేకొత్తపల్లి పరిసరాల నేపథ్యం

వ్యాససంగ్రహం

పాటల డిజిటల్ సంగ్రహాన్ని డి.జె. యంత్రాలకు అనువుగా మార్చడం కేవలం సాంకేతికమైన పనిగా పరిగణింపబడుతున్నది. వాస్తవానికి ఈ ప్రక్రియలో ధ్వని కంటే ధ్వనిని గురించిన వివరణ ఎక్కువగా మారుతుంది. పాట లయ, శ్రుతి, పేరు, గాయకుల గుర్తింపు అనే నాలుగింటినీ యంత్రం తనదైన చట్రంలో తిరిగి రాసుకుంటుంది. చెన్నేకొత్తపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల జానపద గేయాల దృష్ట్యా ఆ చట్రం ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ బెసుకుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: డి.జె. యంత్రాలు, బీట్ గ్రిడ్, మెటాడేటా, జానపద గేయం, యూనికోడ్, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

చెన్నేకొత్తపల్లి మండలం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అంతకు ముందు అనంతపురం జిల్లాలో భాగం. ధర్మవరం, పెనుకొండ దీనికి చేరువ. హిందూపురం దాటితే కన్నడ సీమ. ఉరుముల వాద్యం, చెక్కభజన, కోలాటం, పీర్ల పండుగ పాటలు, నిమ్మలకుంట తోలుబొమ్మలాట ఈ ప్రాంతపు గాన సంపదలో ప్రసిద్ధమైనవి. నేడు జాతరలోనూ, వినాయక నిమజ్జనంలోనూ, పెళ్ళి ఊరేగింపులోనూ జానపద గేయం జనం చెవిన పడుతున్నది ఎక్కువగా డి.జె. సౌండు బండి మీది నుంచే. అది అసలు పాటా, బేస్ దట్టించిన రీమిక్సా అన్నది వేరే చర్చ. పరిశోధకుని హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్న పాట కంటే డి.జె. పెన్ డ్రైవ్‌లో ఉన్న పాటకే శ్రోతలు ఎక్కువ అన్నది మాత్రం కాదనలేనిది.

కాబట్టి క్షేత్ర పర్యటనలో సేకరించిన పాటలు ఆ పెన్ డ్రైవ్‌కు ఏ రూపంలో చేరుతున్నాయన్నది జానపద విజ్ఞానానికి సంబంధించిన ప్రశ్నే. ఇటువంటి మార్పు తెలుగు గేయానికి కొత్త కాదు. బళ్ళారి ప్రాంతంలో విన్న తెలుగు వీరగాథలను జె.ఎ. బాయల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో అచ్చువేయించాడు. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడినది 1882లో. అంటే అప్పటికి ఈ సీమ కూడా బళ్ళారి జిల్లాయే. అచ్చు కాగితం మాటను నిలిపింది, వరుసను వదిలివేసింది. డి.జె. యంత్రం ఇందుకు విలోమం: ధ్వనిని నిలుపుతుంది, దాని చుట్టూ ఉన్న మాటను వదిలివేస్తుంది.

2. ధ్వని ఫైళ్ళ రూపం

ఈ అంశం మీద సాంకేతిక సమాచారం విరివిగా లభ్యం కనుక ముఖ్యాంశాలు చాలు. సి.డి. ప్రమాణపు ధ్వనికి సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు. ఈ ప్రమాణంలో ఒక నిమిషం స్టీరియో ధ్వనికి వేవ్ ఫైలు సుమారు 10.6 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. 320 కిలోబిట్ల ఎం.పి.3 అయితే 2.4 మెగాబైట్లు. ఐదేసి నిమిషాల పాటలు వెయ్యి ఉన్నాయనుకుంటే మొదటి పద్ధతిలో 53 గిగాబైట్లు, రెండవ పద్ధతిలో 12 గిగాబైట్లు అవసరం.

పరిశోధకులు నేడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ ప్రమాణంలో రికార్డు చేసి ఫ్లాక్ రూపంలో దాచుకోవడం మంచి అలవాటు. అయితే 2009లో వచ్చిన పయొనీర్ సి.డి.జె.-2000 వంటి యంత్రాలు ఫ్లాక్‌ను చదవలేవు. 96 కిలోహెర్ట్జ్ ఫైలును స్వీకరించవు. ఆ శ్రేణిలో ఫ్లాక్‌కు చోటు దొరికినది 2016 నాటి నమూనాతోనే. అద్దెకు దొరికే యంత్రం ఏ తరానిదో ముందుగా తెలియదు కనుక 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల వేవ్ గానీ, 320 కిలోబిట్ల ఎం.పి.3 గానీ నిరపాయకరం. పెన్ డ్రైవ్‌ను ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. విండోస్ కంప్యూటర్లలో సాధారణమైన ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిని ఈ తరహా యంత్రాలు గుర్తించవు. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. రాత్రంతా సాగిన తోలుబొమ్మలాటను ఒకే వేవ్ ఫైలుగా ఉంచినవారికి ఈ పరిమితి అడ్డు తగులుతుంది.

ఒక అపోహను ఇక్కడ తొలగించాలి. 128 కిలోబిట్లకు కుదించిన పాటను 320కి మార్చినా, వేవ్‌గా మార్చినా పోయిన ధ్వని తిరిగి రాదు. ఫైలు బరువెక్కుతుంది, అంతే. అందువల్ల మార్పు ఎప్పుడూ మూల ప్రతి నుంచే జరగాలి. మూల ప్రతిని ఎన్నడూ చెరపరాదు.

3. లయ: బీట్ గ్రిడ్ ఇమడ్చుకోలేనిది

డి.జె. సాఫ్ట్‌వేర్‌లో పాటను చేర్చగానే అది పాటలోని దెబ్బలను వెదకి, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కించి, పాట పొడవునా సమదూరంలో గీతలు గీస్తుంది. దీనినే బీట్ గ్రిడ్ అంటారు. రెండు పాటలను కలపడానికీ, ఒక భాగాన్ని పదేపదే తిప్పడానికీ ఈ గీతలే ఆధారం. దీని వెనుక రెండు ఊహలున్నాయి: పాట వేగం మొదటి నుంచి చివరి దాకా మారదు, దెబ్బలు నాలుగేసిగా కూడుకుంటాయి. కంప్యూటర్‌లో కూర్చిన నృత్య సంగీతానికి ఈ రెండూ నిజం. మనుషులు కలిసి పాడే పాటకు రెండూ నిజం కాకపోవచ్చు.

వేగాన్ని తీసుకుందాం. చెక్కభజన మందగతిలో మొదలై, అడుగులు ముదిరేకొద్దీ ఉరవడి అందుకుంటుంది. ఆ పెరుగుదలే ప్రదర్శనకు ప్రాణం. సాఫ్ట్‌వేర్ సగటు వేగాన్ని 100గా నిర్ణయించి గీతలు గీసిందనుకుందాం. పాట నిజవేగం 101 అయినా చాలు, ఒక నిమిషం గడిచేసరికి గీతకూ దెబ్బకూ మధ్య ఒక పూర్తి దెబ్బ తేడా వస్తుంది. వేగం 84 నుంచి 120కి పెరిగే పాటలో ఆ గీతలకు అర్థమే ఉండదు. రికార్డ్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో మారే వేగాన్ని అనుసరించే ‘డైనమిక్’ విశ్లేషణ పద్ధతి ఉంది. ఇటువంటి పాటలకు దానినే ఎంచుకుని, తర్వాత చెవితో విని గీతలను సవరించాలి. పాటనే సాగదీసి, కుదించి స్థిరవేగానికి తెచ్చే మార్గం కూడా ఉన్నది. సౌకర్యమే గానీ, చెక్కభజనలోని ఉరవడిని తీసివేసిన తర్వాత మిగిలేదాన్ని చెక్కభజన అనడం కష్టం.

గతి విషయం మరింత సూక్ష్మం. తిస్రగతి జానపద గేయాలలో విస్తారంగా కనిపిస్తుంది. యంత్రం అక్కడ మూడింటిని రెండుగానో, రెండింటిని మూడుగానో లెక్కించి తప్పు వేగం చూపుతుంది. 90 ఉండవలసిన చోట 135 కనిపిస్తే అది ఈ పొరపాటే. 70కి బదులు 140 కనిపించడం ఇంకొక రకం, దానిని ఒక మీటతో సరిచేయవచ్చు. మిశ్రగతిలో ఏడు దెబ్బల ఆవృతాన్ని నాలుగేసి దెబ్బల గడులలో పరిస్తే 28 దెబ్బలకు గానీ రెండు మొదళ్ళూ ఒకచోట కలవవు. సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఇచ్చే ఆవర్తనాల నిడివి 1, 2, 4, 8, 16 దెబ్బలు. ఏడు దెబ్బల పాటను ఎనిమిది దెబ్బలకు తిప్పితే ప్రతి చుట్టులోనూ పాట ఒక అడుగు తడబడుతుంది. ఆవర్తనపు ఆదినీ అంతాన్నీ చేతితో గుర్తించి భద్రపరచడం ఒక్కటే దీనికి ఉపాయం.

ఉరుము వాద్యంలో చిక్కు ఇంకొక విధమైనది. పుల్లతో కొట్టిన దెబ్బకు స్పష్టమైన ఆది ఉంటుంది, యంత్రం దానిని పట్టుకోగలదు. చర్మం మీద పుల్లను రాపాడించి పుట్టించే గుర్రుమనే నాదానికి అటువంటి ఆది లేదు. అది ఉబికి వస్తుంది. దెబ్బల కోసం వెదికే విశ్లేషణకు ఆ నాదం దాదాపు కనబడదు. ఆ వాద్యానికి పేరు తెచ్చిన ధ్వనియే యంత్రానికి లెక్కలోనిది కాకపోవడం విడ్డూరం. దరువు మొదలయ్యే చోటును, వంత అందుకునే చోటును క్యూ గుర్తులుగా పెట్టి, బీట్ గ్రిడ్‌ను పట్టించుకోకుండా వాయించడమే ఇటువంటి రికార్డులకు ఉచితమైన పద్ధతి.

4. శ్రుతి

సాఫ్ట్‌వేర్ ప్రతి పాటకూ ఒక స్వరస్థానాన్ని నిర్ణయించి, పాశ్చాత్య సంగీతపు 24 మేజర్, మైనర్ స్థాయిలలో ఒకదానికి కట్టబెడుతుంది. మన గాయకులు ‘ఒకటి’, ‘ఒకటిన్నర’, ‘రెండు’ అని చెప్పుకునే శ్రుతికి ఇందులో ఆధార షడ్జం వరకే పోలిక ఉంటుంది. మేజర్, మైనర్ అన్న తీర్పు నాలుగైదు స్వరాలలో తిరిగే పల్లె వరుసకు తరచు వర్తించదు. పాత క్యాసెట్టు అయితే పరికరపు వేగదోషాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేగంలో ఒక శాతం తేడా శ్రుతిని అర్ధస్వరంలో ఆరోవంతు జరుపుతుంది. మూడు శాతమైతే సగం అర్ధస్వరం. అప్పుడు యంత్రం చెప్పేది గాయకుని శ్రుతి కాదు, టేపు రికార్డరు శ్రుతి.

5. పేరు, లిపి

రూపాంతరీకరణలో నిశ్శబ్దంగా జరిగే నష్టం ఇక్కడే ఎక్కువ. ఎం.పి.3 ఫైలులో పాట వివరాలను ఐ.డి.3 అనే గడులలో రాస్తారు. 1996 నాటి తొలి పద్ధతిలో పాట పేరుకు 30 బైట్లు మాత్రమే కేటాయింపు. యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తూ, పొల్లూ వేర్వేరు సంకేతాలే. ‘చెన్నేకొత్తపల్లి’ అన్న ఒక్క మాటకు 16 సంకేతాలు, అంటే 48 బైట్లు. ఆ గడిలో ఈ ఊరి పేరు ‘చెన్నేకొత్’ దగ్గర తెగిపోతుంది. ఆ పద్ధతి నిర్ణయించిన 80 సంగీత ప్రక్రియల జాబితాలో జానపదానికి చోటు లేదు, ‘ఎథ్నిక్’ అన్న మాటే దిక్కు. ‘ఫోక్’ అన్నది విన్‌ఆంప్ సాఫ్ట్‌వేర్ తర్వాత చేర్చిన పొడిగింపులో వచ్చింది. 1999 నాటి ఐ.డి.3 2.3 పద్ధతి యూనికోడ్‌ను (యు.సి.ఎస్.-2) అనుమతించడంతో తెలుగు పేరు పూర్తిగా రాసుకునే వీలు కలిగింది. పాత సాఫ్ట్‌వేర్ రెండు పద్ధతులనూ ఒకే ఫైలులో రాస్తుంది కనుక తొలి పద్ధతి గడులను తొలగించి, 2.3ను మాత్రమే ఉంచడం మేలు.

ఫైలులో తెలుగు ఉన్నంత మాత్రాన యంత్రపు తెరపై తెలుగు కనిపిస్తుందన్న హామీ లేదు. తెలుగు అక్షరరూపాలు లేని యంత్రం గళ్ళు చూపుతుంది. ఆ ఇబ్బందితో పేర్లను రోమన్ లిపిలోకి మార్చివేయడం వాడుక. రోమన్ వాడుకలో ‘పాట’, ‘పాత’ ఒక్కటే. ల-ళ, న-ణ భేదాలు మాసిపోతాయి. ఒకే పాటను ముగ్గురు మూడు విధాలుగా రాస్తే వెదుకులాటలో అవి మూడు పాటలు. హిందూపురం వైపు కన్నడ పాటలూ, పీర్ల పండుగ సందర్భపు ఉర్దూ పాటలూ చేరితే ఈ గజిబిజి మూడు భాషలకు విస్తరిస్తుంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాటల పట్టికలది వేరే కథ: యూనికోడ్‌కు మార్చకుండా అతికిస్తే అవి అర్థం లేని గుర్తుల వరుసగా మిగులుతాయి.

ఆచరణలో ఒక ఏర్పాటు ఉపకరిస్తుంది. ప్రతి పాటకూ ఒక క్రమసంఖ్య కేటాయించి, ఫైలు పేరును ఆ సంఖ్యతో ప్రారంభించి, పక్కన పొట్టి రోమన్ పేరు ఉంచాలి. ఐ.డి.3 గడులలో పేరు, గాయకుల పేర్లు, ఊరు తెలుగులోనే రాయాలి. వ్యాఖ్య గడిలో గతి, శ్రుతి, రికార్డు చేసిన తేదీ, సందర్భం చేర్చాలి. అదే క్రమసంఖ్యతో పూర్తి పట్టిక విడిగా ఉండాలి. రాత్రిపూట వెలుతురు చాలని బండి మీద డి.జె. చూసేది సంఖ్యనే; పదేళ్ళ తర్వాత పరిశోధకుడు వెదికేదీ ఆ సంఖ్యనే.

6. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి

శ్రమించి పెట్టిన గుర్తులు ఎక్కడ నిలువ ఉంటాయన్నది తెలుసుకోదగినది. సెరాటో వాటిని చాలవరకు పాట ఫైలులోనే పొందుపరుస్తుంది. ట్రాక్టర్, వర్చువల్ డీజే తమ సొంత జాబితా ఫైళ్ళలో దాచుకుంటాయి. రికార్డ్‌బాక్స్ పెన్ డ్రైవ్‌లో ‘పయొనీర్’ అనే ఫోల్డరులో విడిగా రాస్తుంది; ఆ ఫోల్డరు అక్కరలేదనుకుని తొలగిస్తే పాటలు మిగులుతాయి, గుర్తులు పోతాయి.

ఒకదాని గుర్తులను మరొకదానికి మార్చినప్పుడు కొన్ని ఎం.పి.3 పాటలలో అన్నీ కలిసి 26 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతాయి. కారణం సరళమైనదే. ఎం.పి.3లో ఒక చట్రానికి 1152 నమూనాలు. 44,100తో భాగిస్తే 26 మిల్లీసెకన్లు. ఫైలు ఆరంభంలో సమాచారం కోసం ఉంచిన చట్రాన్ని ఒక సాఫ్ట్‌వేర్ ధ్వనిగా లెక్కిస్తుంది, మరొకటి లెక్కించదు. నిమిషానికి 120 దెబ్బల పాటలో ఒక దెబ్బ నిడివి 500 మిల్లీసెకన్లు కాబట్టి ఇది స్వల్పమే అనిపించవచ్చు. కానీ రెండు డప్పులు ఆ తేడాతో మోగితే చెవికి జోడు దెబ్బగా వినిపిస్తుంది. వేవ్ ఫైళ్ళకు ఈ బెడద లేదు.

7. గాయకుల హక్కు

పాట పేరు కంటే ముందు రాలిపోయేది గాయకుల పేరు. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ప్రదర్శకులకు 50 సంవత్సరాల హక్కు ఉన్నది. 2012 సవరణతో చేరిన 38-బి సెక్షన్ ప్రదర్శకునిగా గుర్తింపు పొందే నైతిక హక్కును కూడా కల్పించింది. నిజమైన మతపరమైన వేడుకలలో, పెళ్ళి ఊరేగింపులలో పాటను వినిపించడానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు వినిపించడానికే. పరిశోధకుని సంగ్రహం నుంచి పాటను రీమిక్స్‌గా మార్చి విడుదల చేయడానికి అది అనుమతిపత్రం కాదు.

క్షేత్రంలో గాయకులు ఇచ్చే అంగీకారం సాధారణంగా చదువు కోసం, భద్రత కోసం ఇచ్చినది. ఊరేగింపులో వినిపించడం వేరే వినియోగం కనుక దానికి విడిగా అడగాలి. కొలువుకు సంబంధించిన పాటల విషయంలో ఈ ప్రశ్న మరింత బరువైనది: అక్కమ్మ దేవతల ఎదుట ఉరుములవారు వాయించేది సినిమా పాటల మధ్య మోగవచ్చునా లేదా అన్నది నిర్ణయించవలసినవారు ఉరుములవారే. పట్టికలో ‘వినియోగం’ అన్న మరొక గడి ఏర్పరచి, వారు చెప్పిన సమాధానాన్ని వారి మాటలలోనే నమోదు చేసి, వద్దన్న పాటలను పెన్ డ్రైవ్‌కు ఎక్కించే జాబితాలో నుంచి ముందుగానే వేరుచేయాలి.