ఏ నర్సింగు స్కూల్లో చేర్చాలి?

ఆడపిల్ల నర్సు చదువుకు పోతానంటే ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకునే రోజులు పోయాయి. ఇప్పుడు వచ్చిన చిక్కల్లా వేరు. స్కూళ్లు కోకొల్లలుగా వెలిశాయి. వాటిలో మంచిదేదో తెలిసేదెలా? ఇరవయ్యేళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకు ఈ ప్రశ్నతో పనిబడుతుందని అనుకోలేదు. మా అన్నయ్య కూతురి పుణ్యమా అని పోయిన వేసవిలో పనిబడింది.

పిల్ల ఇంటర్మీడియేటులో బై.పి.సి. చదివింది. నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగులో సీటు రాలేదు. మూడేళ్ల జనరల్ నర్సింగు డిప్లొమాలో చేరతానంది. అది పూర్తిచేసి, రాష్ట్ర కౌన్సిలులో నర్సుగా పేరు నమోదయ్యాక, మరో రెండేళ్లు చదివితే బి.ఎస్సీ. పట్టా కూడా పుచ్చుకోవచ్చు గనుక నేను సరేనన్నాను. వదినకే మనసొప్పలేదు. "రాత్రిళ్లు డ్యూటీలుంటాయిట. పిల్ల తట్టుకోగలదంటావా?" అంది.

పిల్ల పట్టుదలకు కారణం వుంది. అంతకుముందు ఏడాది మా అమ్మ తుంటి ఎముక విరిగి ఆస్పత్రిలో పడివున్నప్పుడు తోడున్నది ఈ పిల్లే. ఒక నర్సమ్మ రాత్రింబవళ్లు రెండేసి గంటలకోసారి వచ్చి, నాయనమ్మను నొప్పి కలక్కుండా పక్కకు తిప్పి, వీపు చూసి పోయేదిట. కదలలేని మనిషిని అట్లా తిప్పకపోతే వొత్తిడికి చర్మం చితికి పుండ్లు పడతాయి. పదిహేను రోజులున్నా మా అమ్మ వీపున చిన్న పుండైనా లేదు. పిల్ల మనసులో ఆ చేతులు నిలిచిపోయాయి.

తీరా చూస్తే రెండు స్కూళ్లు మిగిలాయి. మొదటిది మా వూరికి దగ్గర. అద్దాల మేడ, చల్లని గదులు, వరసగా కంప్యూటర్లు. ఫీజు వాయిదాల్లో కట్టవచ్చు. పైగా విదేశాల్లో ఉద్యోగం తామే చూసిపెడతామన్నారు. అన్నయ్య అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు. నేను ఆస్పత్రి చూపించమన్నాను. చూపించారు. పక్కలమీద దుప్పట్లు మడత నలగకుండా వున్నాయి. రోగులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. "పెద్దాస్పత్రికి బస్సులో పంపుతామండీ" అన్నారు. వారానికి ఎన్ని రోజులంటే మాట మార్చారు.

రెండోది నాలుగు గంటల ప్రయాణం. పాత ఆస్పత్రి. గోడలు పెచ్చులూడాయి, హాస్టలు భోజనం అంతంత మాత్రం. కాని వార్డులో కాలు పెట్టే చోటు లేదు. ఒక మంచం దగ్గర టీచరు నిలబడి, కట్టు మార్చటం ఎలాగో ముగ్గురు పిల్లలకు చూపిస్తూంది.

నేను గోడలూ రిజిస్టర్లూ చూస్తూంటే, మా పిల్ల రెండుచోట్లా రెండో సంవత్సరం విద్యార్థినులను పట్టుకుని ఒకటే ప్రశ్న అడిగింది: "మనిషికి మొదటి ఇంజెక్షను ఎప్పుడు చేశావు?" మేడలో పిల్ల, "ఇంకా బొమ్మకే చేస్తున్నాం" అందిట. పాత ఆస్పత్రి పిల్ల, "మొదటి ఏడాదే. సిస్టరు పక్కనే నిలబడింది. నా చెయ్యి వొణికింది" అందిట.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట లండనులో నర్సుల బడి పెట్టినప్పుడు దాన్ని సెయింట్ థామస్ ఆస్పత్రిలోనే పెట్టారు. వార్డే తరగతి గది. మన దేశంలో 1947 నాటి చట్టం కింద ఏర్పడిన నర్సింగు కౌన్సిలు కూడా పదిమంది విద్యార్థులకు ఒక టీచరు వుండాలనీ, స్కూలుకు నూరు పడకల సొంత ఆస్పత్రి వుండాలనీ, వార్డులో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున వుండాలనీ కొలతలు పెట్టింది. ఆ కౌన్సిలు స్థానంలో జాతీయ కమిషను రావాలని 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఎవరి పెత్తనమైనా, రోగులు లేనిచోట నర్సు తయారు కాదన్న మాట మారదు.

ఇక విదేశాల మాట. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఇంగ్లీషు వచ్చునని రుజువు చేసుకోవాలి. కంప్యూటరు మీద ఒక పరీక్ష, చేతిపనికి ఇంకొక పరీక్ష గట్టెక్కాలి. జర్మనీకైతే జర్మను భాష రావాలి. ఇవేవీ స్కూలువాళ్లు మన తరపున రాసిపెట్టగలవి కావు. ఇక్కడ ఎయిమ్సు ఆస్పత్రుల్లో కొలువుకు పోటీ పరీక్ష రాయాలన్నా, డిప్లొమావారికి యాభై పడకలకు తక్కువ కాని ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం వుండాలన్నారు. ఎటు తిరిగినా చేతిలో పని వుండాలి.

ఆ రాత్రి ఇదంతా అన్నయ్యకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అమ్మను తిప్పిన ఆ నర్సమ్మ ఏ స్కూల్లో చదివిందో!" అన్నాడు. ఆ మాటతో తేలిపోయింది.

పిల్ల పాత ఆస్పత్రిలోనే చేరింది. మొదటి నెల రోజూ ఏడ్చింది. వదిన రెండుసార్లు పెట్టె సర్దుకుని తీసుకువద్దామని బయలుదేరింది; రెండుసార్లూ పిల్లే వద్దంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు దాని చేతులు చూశాను. మాటిమాటికీ సబ్బుతో కడిగి కడిగి గరుకు తేలాయి. రాత్రి మా అమ్మ పక్కమీద వొత్తిగిలలేక మూలుగుతూంటే, అది లేచి వెళ్లి, భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి మెల్లగా తిప్పి, వీపు వెనక దిండు సర్దింది.

మా అమ్మ కళ్లు తెరవకుండానే, "ఎవరూ, ఆ నర్సమ్మేనా?" అంది.

"నేనే నాయనమ్మా" అంది పిల్ల.

గుమ్మంలో నిలబడ్డ వదిన కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.